వస్తోందా, పోతోందా?

కిందటి వారం మనం మైదానంలో దుమ్ము మధ్య నిలబడి ఉన్నాం. ఈపాటికి ఆ దుమ్ము అణిగే ఉంటుంది గనుక, కళ్ళు నులుముకుని ఒక్కసారి వెనక్కి చూసి ముందుకు నడుద్దాం.

వానాకాలమంతా ఇల్లు కదలకుండా కూర్చుని బావమరిది చెక్కిన పసుపుపచ్చ విమానం, ఆదివారం పొద్దున అందరూ చూస్తుండగా ముక్కు నేలకు గుచ్చుకుని పడింది. ఆ సమయంలో రిమోటు చేతిలో ఉన్నది బావ. వృత్తికి సిటీ బస్సు డ్రైవరు, ప్రవృత్తికి పాత ఇటుకబట్టీ మైదానంలో బొమ్మ విమానాలు ఎగరేసే ప్రతివాడికీ గురువు. గురువు చేతిలోనే విమానం పోయింది. విమానంలో 'వి' తీసేస్తే మిగిలేది కూడా దాంతోపాటే పోయింది. ఆ మిగిలినదాన్ని కాపాడుకోవడానికి ఆయన అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు: "రేడియో పోయిందిరా! సిగ్నల్ అందలేదు!" బొమ్మ కార్లు తప్ప నేల విడిచి సాము చేసే ఏ వస్తువునీ నమ్మని కారు మేస్టారు, "నేలమీద తిరిగేవాడికి పడతానన్న బెంగ లేదు నాయనా" అంటూ తన బొమ్మ లారీకి విరిగిన తోక కట్టి మైదానమంతా ఊరేగించాడు. బావమరిది మాత్రం ఒక్క మాట అనలేదు. ముక్కలన్నీ గోనెసంచిలో ఏరుకుని ఇంటికి పోయాడు. ఆ మౌనం దగ్గర మనం ఆగాం.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. బావ భార్య, అంటే బావమరిదికి తోడబుట్టిన అక్క, ఇంటి పక్కనే హాయిగా ఉన్న కుట్టు షాపు మానేసి ఊరి చివర మరో షాపులో చేరింది. రోజూ మొగుడి బస్సులోనే, సరిగ్గా మొగుడి వెనక సీట్లోనే కూర్చుని, ఆయన చెవిలో ఎడతెరిపి లేకుండా ఏదో చెబుతూ పోతుంది. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి కబుర్లు మొదలయ్యాయి" అని కండక్టరు నవ్వుతున్నాడు. నవ్వనివ్వండి. నవ్వుకి టిక్కెట్టు లేదు.

ఇక ఈ వారం.

బావమరిదిది పళ్ళ పని. డాక్టరు కాదు. డాక్టర్లు పీకేస్తారు, ఇతను కట్టిస్తాడు. డాక్టర్లు తీసి పంపిన అచ్చులు చూసి పళ్ళసెట్లు తయారుచేస్తాడు. అతని పనిగదిలో గోడ పొడుగునా అలమారా, అలమారా నిండా ప్లాస్టరు దవడలు. ఊళ్ళో సగంమంది నవ్వులు అక్కడే ఆరుతుంటాయి. ఆ దవడల కింద, పని బల్ల మీద, ఈ సాయంత్రం పసుపు విమానం కడుపు కోసి పెట్టి ఉంది. రెక్కలు రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. రెక్కల పైభాగం పసుపు, అడుగున నలుపూ తెలుపూ చారలు. ఎంత ఎత్తున ఉన్నా బోర్లా ఉందో వెల్లకిలా ఉందో తెలియాలని బావమరిది పని కట్టుకుని వేసిన చారలు అవి.

బావ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. చొక్కా వీపంతా చెమటతో సీటు ఆకారంలో తడిసి ఉంది. స్టూలు మీద కూర్చున్నాడో, స్టూలే ఆయన్ని పట్టుకుందో చెప్పడం కష్టం. ఎదురుగా బావమరిది, పొద్దుటినుంచీ పళ్ళు అరగదీసి అరగదీసి తనే సగం అరిగిపోయి ఉన్నాడు. రెండు అలసటలు ఎదురెదురుగా కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాయి.

"ఆ రేడియో ఇటియ్యరా బామ్మర్దీ," అన్నాడు బావ. "రేపు దారిలోనే కదా ఆ షాపు. అమ్మినవాడి మొహాన కొట్టి వస్తాను."

"వాడేం చేశాడు?"

"ఏం చేశాడా? పనికిమాలిన రేడియో అంటగట్టాడు. నీ వానాకాలం మొత్తం మట్టిలో కలిసింది."

"మంచినీళ్ళు తాగు బావా."

"నీళ్ళు సరే. రేడియో సంగతి చెప్పు."

బావమరిది నిట్టూర్చాడు. నాలుగు రోజులుగా ఈ మాట ఎలా మొదలెట్టాలా అని దవడలకు చెప్పుకుని చూశాడు. వాటికి పళ్ళున్నాయి గాని నాలుక లేదు, సలహా చెప్పలేదు. చివరికి ఏమీ చెప్పకుండా రిమోటు ఆన్ చేశాడు, తర్వాత విమానంలో బ్యాటరీ తగిలించాడు. తోకను కదిలించే చిన్న మోటార్లు కిర్రుమని అటూ ఇటూ తిరిగాయి. రిమోటు మీది పుల్లను పైకి తోస్తే, ముందున్న పెద్ద మోటారు, విరిగిన పంకా ఊడబీకేసి ఉందేమో, బోడిగా గిర్రున తిరిగింది.

"బతికే ఉంది కదా," అన్నాడు.

"ఇక్కడ బతుకుతుందిరా, చేతికందే దూరంలో. పైకెళ్ళాక చస్తుంది. మా డిపోలో మైకు కూడా అంతే."

"అయితే ఇది చూడు."

మోటారు తిరుగుతుండగానే రిమోటు ఆపేశాడు. ఒక్క క్షణం. అంతే, మోటారు దానంతటదే చప్పున ఆగిపోయింది. గదిలో ఉన్నట్టుండి చెవులు ఖాళీ అయ్యాయి.

"సిగ్నల్ అందకపోతే మోటారు ఆగిపోవాలని నేనే పెట్టాను. ఎవరి నెత్తిమీదా పడకూడదని. మొదటిరోజే నువ్వు నేర్పించావు నాకు. 'సిగ్నల్ పోతే మోటారు నోరు మూసుకోవాలి' అన్నావు."

"అన్నాను. అయితే?"

"ఆదివారం నోరు మూసుకుందా బావా?"

మైదానంలో ఉన్న ప్రతివాడూ విన్నాడు. విమానం నేలను తాకే చివరి క్షణం దాకా మోటారు పెద్దగా అరుస్తూనే ఉంది. అంటే రేడియో చెప్పిన మాట విమానం చివరిదాకా విన్నట్టే. చెప్పిన మాటే తప్పన్నమాట.

"గాలి కొట్టిందేమో," అన్నాడు బావ, గొంతు ఒక మెట్టు దించి.

"గాలి లేదు. కారు మేస్టారి టోపీ కూడా కదల్లేదు."

"మేస్టారి టోపీ తుఫానుకైనా కదలదురా. అది టోపీ కాదు, తలకు పోసిన కాంక్రీటు."

నవ్వు రావలసిన చోట ఇద్దరూ ఆగారు. రాలేదు. అలసిన నవ్వు, బస్సు తప్పిపోయినవాడిలా ఎక్కడో స్టాపులోనే కూర్చుండిపోయింది.

"నేను నీ పక్కనే ఉన్నాను బావా. విమానాన్ని చూడలేదు. నీ బొటనవేలు చూస్తున్నాను. నేర్చుకోవాలని ఎప్పుడూ అదే చూస్తాను." బావమరిది బల్ల మీద ఉన్న అరచేతి పొడవు స్పాంజి విమానాన్ని తీసుకుని, ముక్కు బావ వైపు తిప్పి, ఒక రెక్క వంచాడు. "మన వైపే వస్తోంది. నీకు కుడిచేతి పక్క రెక్క కిందికి వంగింది. ఇలా. ఏం చెయ్యాలి?"

"ఇది నన్నడుగుతున్నావా?"

"చెప్పు."

"ఎదురొచ్చేదైతే ఏ పక్క రెక్క పడుతుంటే పుల్లను ఆ పక్కకే తొయ్యాలి. పడే గోడకి దూలం ఆనించినట్టు. పోయేదైతే రెండో పక్కకి." బావ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆ దూలం మాట మైదానంలో అందరికీ ఆయన నేర్పిందే. కొత్తవాళ్ళు విమానం ఎదురొచ్చినప్పుడల్లా కుడి ఎడమలు తారుమారై కంగారుపడుతుంటే, వెనక నిలబడి "దూలం! దూలం!" అని అరిచేది ఆయనే.

"నువ్వు రెండో పక్కకి తోశావు."

బయట ఎవరో మెట్లమీద బకెట్టు దించిన చప్పుడు.

"నీకు తెలియక కాదు. నీకు తెలియకపోతే ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. విమానం వస్తోంటే, పోతోందనుకున్నావు. అంత పెద్ద చారలు వేశాను, అయినా." బావమరిది గొంతులో కోపం లేదు. అదే బావని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "బావా, నీకు కనపడటం లేదు."

పొరపాటు అన్న మాటలోనే పొర ఉంది చూశారా. బావకు అది మాటలోంచి దిగి కంట్లో కూర్చుంది.

ఆయన లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు. నాలుగు విమానాలు అతికించేసరికి నాకే పరీక్ష పెడుతున్నావు. ఇన్నేళ్ళనుంచి బస్సు తోలుతున్నాను, ఒక్క గీత పడలేదు. అద్దం పగల్లేదు. నాకు కనపడకపోవడమేంటి?"

"అయితే పరీక్షే అనుకో. లే."

గది బయట పొడుగాటి వరండా. చివర పడమటి కిటికీ. ఎండ దిగిపోయే ముందు ఆఖరిసారి కిటికీలోంచి మొహం పెట్టి చూస్తోంది. బావను గుమ్మం దగ్గర నిలబెట్టి, బావమరిది కిటికీ దగ్గరికి నడిచి వెళ్ళి, స్పాంజి విమానం పైకెత్తాడు.

"వస్తోందా, పోతోందా?"

బావ కళ్ళు చిట్లించాడు. "వస్తోంది."

"ఇప్పుడు?"

"వస్తో... ఉండు. పోతోంది."

"ఇప్పుడు?"

ఈసారి బావ త్వరగానే చెప్పాడు. తప్పు చెప్పినా పర్వాలేదు, ఆలోచించినట్టు కనపడకూడదు అనుకునేవాడు చెప్పినట్టు. "వస్తోంది. ఎడమ రెక్క కొంచెం వంగింది."

బావమరిది చెయ్యి దించలేదు. వరండా పొడుగునా అలాగే ఎత్తి పట్టుకుని నడిచి వచ్చాడు. సగం దూరం వచ్చేదాకా బావ మొహంలో నమ్మకం ఉంది. ఇంకా దగ్గరికి వచ్చేసరికి కనుబొమలు ముడిపడ్డాయి. చేతికందే దూరానికి వచ్చాక ఆయన దాన్ని పట్టుకుని చూశాడు. కిటికీ పక్క మేకుకు వేలాడే, కోటు తగిలించుకునే హ్యాంగరు.

"ఇది..."

"హ్యాంగరు బావా."

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు, "విమానాలు పెట్టే షెడ్డుని కూడా హ్యాంగరే అంటారు కదరా. మరీ అంత తప్పేం చెప్పలేదు."

ఆ మాట అనేసి, తన జోకు మీద తనే చెయ్యి వేసుకుని ఆసరా తీసుకున్నట్టు గుమ్మానికి ఆనుకున్నాడు. బావమరిది ఆయన భుజం పట్టుకుని తీసుకెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఎప్పటినుంచి?"

"వానలకి ముందునుంచి. మొదట మీ అక్కకి సూదిలో దారం ఎక్కించలేకపోయాను. ఆదివారం ఆదివారం వారానికి సరిపడా సూదులన్నిట్లోనూ నేనే ఎక్కించి పెట్టేవాణ్ణి. 'ఇక నువ్వే ఎక్కించుకో, నా వేళ్ళు లావయ్యాయి' అన్నాను." బావ తన బొటనవేళ్ళ వంక చూసుకున్నాడు. "తర్వాత పొగమంచు వచ్చింది. రోడ్డు మీద కాదు, నాకు. ఎండ ఎదురుగా ఉంటే మరీ. అద్దంలో పాలు ఒలికినట్టు ఉంటుంది."

"మరి సిగ్నళ్ళు?"

"పైన వెలిగితే ఎరుపు. కింద వెలిగితే పచ్చ. రంగుతో పనేంటి?"

"ఎదురొచ్చే బండ్లు?"

బావ చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. అంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు. ముందున్న లారీ ఆగి ఉందో, కదులుతోందో. దూరంగా కనిపించే చుక్క వస్తోందో, పోతోందో. మైదానంలో తప్పు చెబితే ఒక పసుపు విమానం పోతుంది. బస్సు నిండా మనుషులుంటారు.

"రేపు డ్యూటీ ఎక్కకముందు డిపోలో చెప్పెయ్ బావా. ఆపరేషను చేస్తే పొర పోతుంది. మళ్ళీ చూపు వస్తుంది."

"చూపు వస్తుంది. స్టీరింగు రాదు," అన్నాడు బావ. "మీసాలాయన గుర్తున్నాడా, నాకు బస్సు నేర్పినవాడు? ధర్మరాజులా వెళ్ళి ఉన్నమాట చెప్పాడు. ఆపరేషను చేశారు. గద్ద చూపు వచ్చింది. అయినా మళ్ళీ బండి ఇవ్వలేదు. గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చే బస్సుకి చెయ్యెత్తుతాడు, పోయే బస్సుకి చెయ్యెత్తుతాడు. ఆ మనిషిని రోజూ చూస్తూ గేటు దాటుతున్నానురా నేను. చూస్తూ అంటే... అదే, ఆయన అక్కడున్నాడని తెలుసు కాబట్టి."

రెక్కాడితే గాని డొక్కాడదంటారు. బావ బాధ డొక్క గురించి కాదు. రెక్క గురించే. ఆ చేతులు స్టీరింగు మీద లేకపోతే ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియదు. వారానికి ఒక్కపూట రిమోటు మీద పెట్టుకునేవాడు. ఇప్పుడు అదీ పోయింది.

"నువ్వు చెప్పకపోతే నేను అక్కకి చెబుతాను," అన్నాడు బావమరిది. "అక్కే నిన్ను డిపోకి లాక్కెళుతుంది. నాకు ఇంకో దారి లేదు."

బావ తలెత్తాడు. ఆ చూపులో భయం ఉంటుందనుకున్నాడు బావమరిది. భయం లేదు. జాలి ఉంది. ఎవరి మీద జాలో అర్థం కాలేదు.

"అవునూ," అన్నాడు బావమరిది నెమ్మదిగా. "ఇంతగా కనపడకపోతే, మరి వానలకి ముందునుంచి ఒక్క గీత కూడా పడకుండా ఎలా తోలుతున్నావు?"

"నాకెందుకు చెప్పడం?" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

గొంతు అనడానికి వీల్లేదు. ఆకురాయి మీద రేకు గీసినట్టు ఒక గరగర. అక్క టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. మధ్యాహ్నం ఫోనులోనూ ఇదే గొంతు. "షాపులో నూలు దుమ్మురా, పట్టేసింది" అంది అప్పుడు.

"నాకెందుకు చెప్పడం," అంది మళ్ళీ, ఒక్కో మాటనూ తోసుకుంటూ. "ఆ బస్సు నడుపుతున్నది మీ బావ కాదురా. నేను."

బావమరిది నోరు తెరిచాడు. అలమారాలో దవడలన్నీ అప్పటికే తెరుచుకుని ఉన్నాయి.

"ఎడమ పక్క సైకిలుంది. ముందు వ్యాను ఆగింది. ముసలాయన దాటుతున్నాడు, ఉండండి. ఆఁ, పోనివ్వండి." అక్క అరచెయ్యి గొంతు మీద పెట్టుకుంది. "ఎండ ఎదురొచ్చే పొద్దుటి ట్రిప్పులోనూ, సాయంత్రం ట్రిప్పులోనూ, ఎక్కింది మొదలు దిగేదాకా. కండక్టరు మేము కబుర్లు చెప్పుకుంటున్నామనుకుంటాడు. షాపు ఎందుకు మారానో ఇప్పుడర్థమైందా?"

మైదానంలో కొత్తవాడికి నేర్పేటప్పుడు రెండు రిమోట్లు ఒక తీగతో కలుపుతారు. ఒకటి శిష్యుడి చేతిలో, ఒకటి గురువు చేతిలో. గురువు వేలికింద ఒక మీట. శిష్యుడు తడబడితే మీట వదిలేస్తే చాలు, విమానం గురువు చేతికి వచ్చేస్తుంది. ఆ తీగ ఇప్పుడు బల్ల మీద చుట్టచుట్టుకుని పడి ఉంది. బావమరిది దాని వంకే చూస్తున్నాడు. బస్సులో చేతులు ఒకరివి, కళ్ళు ఒకరివి. మధ్యన తీగ లేదు. ఒక గొంతు ఉంది. అది తెగిపోయింది.

"అందుకే నీ దగ్గరికి వచ్చాను," అంది అక్క. "రేపు నాకు మాట రాదు. చూడు, ఇదీ పరిస్థితి. ఒక్కరోజు నా సీట్లో నువ్వు కూర్చో. నీది మంచి చూపు. పంటిమీద వెంట్రుకంత గీత కనిపెడతావు."

"సెలవు పెట్టమను అక్కా!"

"ఒంట్లో బాగాలేదంటే డాక్టరు కాగితం తెమ్మంటారు. డాక్టరు కళ్ళు చూడకుండా వదుల్తాడా?"

"అయితే చూడనీ! ఇది ఆటనుకుంటున్నారా మీరిద్దరూ? ఒక్క క్షణం నీకు మాట ఆగిపోతే?"

అక్క భర్త వంక చూసింది. బావ నేల వంక చూశాడు.

"ఏమైంది?" అన్నాడు బావమరిది.

"నిన్న దగ్గు వచ్చింది," అంది అక్క.

"వచ్చి?"

"ఏమీ కాలేదు. బస్సు ఆగింది."

"చెప్పెయ్," అన్నాడు బావ, తల ఎత్తకుండానే. ఆ గొంతులో గురువు లేడు, జోకు లేదు. రోజంతా మోసిన మూట దించే మనిషి ఉన్నాడు. "బస్సు ఆగింది తర్వాత. ముందు, రోడ్డు దాటుతున్న ఒక బడిపిల్ల పక్కకి దూకింది. పుస్తకాల సంచి మాత్రం టైరు కింద పడింది. బ్రేకు నేను వేసింది ఆ చప్పుడు విని. ఆ పిల్లే దూకిందిరా. నేను ఆపలేదు."

కిటికీలోని ఎండ వరండా దాటి గుమ్మం దాకా పాకింది.

బావమరిది బల్ల మీద తీగ తీసుకున్నాడు. వేలికి చుట్టాడు, విప్పాడు. అక్క సీట్లో కూర్చుంటే ఒక పూట గండం గడుస్తుంది. ఆ పూటతో అతనూ ఆ బస్సులో మూడో డ్రైవరవుతాడు. డిపోకి వెళ్ళి చెబితే మీసాలాయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ పడుతుంది. ఆ కుర్చీ వేసినవాడిగా బతికినన్నాళ్ళూ ఆ గేటు ముందునుంచే నడవాలి. తీగ జేబులో వేసుకుని లేచాడు. అక్కను దాటుకుని గుమ్మంలోకి వెళ్ళి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, ఎండకు అడ్డంగా నిలబడిపోయాడు.

స్టూలు మీదినుంచి బావ అటువైపు తల తిప్పాడు. గుమ్మం నిండా వెలుతురు, వెలుతురు మధ్యలో మనిషంత నలుపు. మొహం ఎటుందో, వీపు ఎటుందో. కళ్ళు చిట్లించాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లాభం లేకపోయింది.

"ఒరే," అన్నాడు. "వస్తున్నావా, పోతున్నావా?"